తలకింత పన్ను, ఇంటికింత కోత: సౌదీ అరేబియాలో తెలుగు సంసారాల జమాఖర్చు

ప్రతి ఉగాదికి మన సభా మందిరాలలో పంచాంగ శ్రవణం జరుగుతుంది. ఏ రాశివారికి ఆదాయమెంత, వ్యయమెంత అని పంతులుగారు చదువుతూ ఉంటే, తెలుగు బాగా రాని మన పిల్లలు కూడా ఆ రెండు మాటలను మాత్రం గుర్తుపడతారు. ఆదాయం రెండు, వ్యయం పద్నాలుగు అని వచ్చినవానిని చూచి పక్కవాడు నవ్వుతాడు. అది పండుగనాటి వేడుక. కాని నిజంగానే రెండు వచ్చి పద్నాలుగు పోయే కాలం ఒక ఇంటికి దాపురించినప్పుడు ఆ ఇల్లు ఏమి చేస్తుంది? ముందుగా దేనిని తగ్గించుకొంటుంది? చివరకు దేనిని వదులుకొంటుంది?

ఈ ప్రశ్నకు చరిత్ర గ్రంథాలలో జవాబు తక్కువ. ఓడల పేర్లు, చట్టాల సంఖ్యలు, దొరల ఉత్తరాలు దొరుకుతవి గాని వంటింటి లెక్క దొరకదు. అందువలన ఈ వ్యాసంలో మన కాలంలోనే, మన భాషవారికే జరిగిన ఒక సంగతిని తీసుకొని, దాని జమాఖర్చును మన నేటాల్ పెద్దల జమాఖర్చు పక్కన ఉంచి చూడదలచినాము. సంగతి సౌదీ అరేబియాలోనిది. 2017 నుంచి 2021 వరకు నడిచినది.

ఎడారికి పోయిన సంసారాలు

1973లో చమురు ధర ఒక్కసారిగా పెరిగిన తరువాత అరబ్బు దేశాలలో రోడ్లు, రేవులు, భవనాలు కట్టడానికి లక్షలమంది మనుషులు కావలసి వచ్చినారు. తెలుగునాట నుంచి కరీంనగరం, నిజామాబాదు, ఆదిలాబాదు జిల్లాల రైతుకూలీలు, హైదరాబాదు నగరవాసులు, కడప జిల్లా రాయచోటి ప్రాంతంవారు ఆ దారి పట్టినారు. గోదావరి జిల్లాల నుంచి ఎందరో స్త్రీలు ఇంటిపనులకు వెళ్ళినారు. సేద్యానికి వానలేమి, నేతకు గిరాకీలేమి, నూటికి నెలకు రెండు మూడు రూపాయల వడ్డీ అప్పులు వీరిని కదిలించినవి. మన తాతముత్తాతలను కోరంగి, విశాఖపట్నం, మద్రాసు రేవులకు నడిపించిన కారణాలకు ఇవి దూరపు చుట్టాలు కావు.

సౌదీలోని మనవారు రెండు తెగలుగా ఉన్నారని తెలుసుకొంటే తరువాతి కథ అర్థమవుతుంది. మొదటివారు కూలీలు, మేస్త్రీలు, డ్రైవర్లు, ఇంటిపనివారు. వీరికి భార్యాబిడ్డలను తెచ్చుకొనే వీలు లేదు. కంపెనీ క్యాంపులలో మంచాల వరుసలే వీరి ఇల్లు. రెండవవారు గుమాస్తాలు, లెక్కలు రాసేవారు, ఇంజనీర్లు, నర్సులు, చిన్న ఉద్యోగస్థులు. 2017 నాటి పత్రికలు రాసిన ప్రకారం నెలకు 5000 రియాళ్ళు, ఆపైన జీతం ఉన్నవారికే కుటుంబ వీసా దొరికేది. వీరు రియాదు, జిద్దా, దమ్మాం నగరాలలో చిన్న వాటాలు అద్దెకు తీసుకొని, పిల్లలను భారతీయ పాఠశాలలలో చదివించుకొంటూ, రియాదులో బతా, జిద్దాలో షరఫియా వీధులలో పచారీ సామాను తెచ్చుకొంటూ సంసారాలు సాగించినారు. ఆదాయపు పన్ను లేని దేశం, పెట్రోలు నీళ్ళ ధర, కరెంటు చవక. అందువలన మధ్యరకం జీతంతో కూడా నెలకింత మిగిల్చి ఊరికి పంపగలిగినారు.

2014 నడుమ నూరు డాలర్లకు పైనున్న పీపా చమురు 2016 జనవరి నాటికి ముప్పై డాలర్లకు దిగువకు పడిపోయింది. ప్రభుత్వపు పనులు ఆగినవి. పెద్ద నిర్మాణ సంస్థలు కొన్ని నెలల తరబడి జీతాలు ఇవ్వలేదు. 2016 జూలై, ఆగస్టులలో జిద్దా ప్రాంతపు క్యాంపులలో వేలాది భారతీయ కార్మికులకు తిండి కరువైతే భారత కాన్సులేటు, అక్కడి భారతీయులు కలిసి బియ్యం, పప్పు, నూనె పంచవలసి వచ్చింది. నాటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ ఆ సంగతిని లోకానికి తెలియజేసినారు. మొదటి దెబ్బ ఆ విధంగా కూలీలమీద పడింది. రెండవది సంసారులమీద పడింది.

తలకు నూరు రియాళ్ళు

2016 ఏప్రిల్‌లో సౌదీ ప్రభుత్వం 2030 నాటికి చమురుమీద ఆధారపడటం తగ్గించుకొనే ప్రణాళికను ప్రకటించింది. ఆ సంవత్సరం చివర ఖజానా లోటు పూడ్చే కార్యక్రమం వచ్చింది. దానిలో భాగంగా 2017 జూలై 1 నుంచి, విదేశీ ఉద్యోగి తన వద్ద ఉంచుకొన్న భార్యకు, ప్రతి బిడ్డకు, ఆధారపడిన ప్రతి మనిషికి నెలకు 100 రియాళ్ళ చొప్పున పన్ను కట్టవలసి వచ్చింది. ఏటేటా జూలైలో అది నూరు చొప్పున పెరిగింది. 2018లో 200, 2019లో 300, 2020లో 400. పైగా నెలనెలా కట్టేది కాదు. ఇకామా అనే నివాస కార్డును తిరగరాయించుకొనేటప్పుడు సంవత్సరం సొమ్మంతా ముందుగానే చెల్లించాలి. మనవారు దీనికి కుటుంబ పన్ను అని పేరు పెట్టుకొన్నారు.

ఒక ఉదాహరణ వేసుకొందాము. నెలకు 5000 రియాళ్ళు తెచ్చే గృహస్థుడు. భార్య, ఇద్దరు బిడ్డలు. ఏడాది రాబడి 60,000. మొదటి ఏడాది ముగ్గురి తలపన్ను 3,600. రెండవ ఏడాది 7,200. మూడవ ఏడాది 10,800. నాలుగవ ఏడాది 14,400. అనగా నూటికి ఆరుతో మొదలై పన్నెండు, పద్దెనిమిది దాటి ఇరవై నాలుగు దగ్గర ఆగింది. జీతం పెరగకుండా ఉన్నా నాలుగేళ్ళలో రాబడిలో నాలుగవ వంతు కరిగిపోయినట్లే. ఇద్దరు బిడ్డలకు బదులు నలుగురు ఉన్న ఇంటిలో అదే నాలుగవ ఏడాది లెక్క 24,000 అవుతుంది. రాబడిలో అది నూటికి నలభై.

ఇది ఒక్కటే వచ్చి ఉంటే కొందరైనా ఓర్చుకొనేవారు. 2018 జనవరి 1న అమ్మకాలమీద నూటికి 5 చొప్పున విలువ ఆధారిత పన్ను మొదలయింది. అదే నెలలో 91 రకం పెట్రోలు లీటరు 75 హలాలాల నుంచి 1 రియాలు 37 హలాలాలకు పెరిగింది. ఇళ్ళ కరెంటు మొదటి శ్లాబు యూనిటుకు 5 హలాలాల నుంచి 18 హలాలాలయింది. వేసవిలో ఏసీ ఆపితే బ్రతకలేని దేశంలో ఇది చిన్న సంగతి కాదు. అదే కాలంలో సౌదీకరణ పేర ఒక్కొక్క వృత్తిని స్వదేశీయులకు కేటాయించినారు. 2016లో మొబైలు ఫోన్ల దుకాణాలు, 2018 సెప్టెంబరు నుంచి బట్టలు, సామాన్లు, కార్ల దుకాణాలు ఒకదాని తరువాత ఒకటి విదేశీయులకు దూరమైనవి. మూలిగే నక్కమీద తాటిపండు అన్నట్లు, ఖర్చు పెరిగే వేళకే కొలువు కూడా ఊగిసలాడింది.

నోటుపుస్తకంలో కోతలు

ఆ కాలంలో మనవారి ఇళ్ళలో కోతలు ఒక వరుసలో నడిచినవి. ఆ వరుసే అసలు చరిత్ర.

మొదట కనబడని ఖర్చులు పోయినవి. వారాంతపు ప్రయాణాలు, హోటలు భోజనం, ఏడాదికొకసారి బంగారు నగ. తరువాత ఊరి ప్రయాణం. ఏటేటా సెలవులకు వచ్చేవారు రెండేళ్ళకొకసారి రావడం మొదలు పెట్టినారు. టికెట్ల మాట అటుంచి, 2016 అక్టోబరు నుంచి తిరిగివచ్చే వీసాకే రెండు నెలలకు 200 రియాళ్ళు, ఆపైన ప్రతి నెలకు 100 కట్టవలసి వచ్చింది. ఆ తరువాత అద్దె. రెండు గదుల వాటా విడిచి ఒక గదికి మారినారు. ఊరి నడుమ నుంచి శివారుకు మారినారు. రెండు కుటుంబాలు ఒక వాటాను పంచుకొన్నవి. అద్దె ఆరు నెలలది ఒకేసారి చెల్లించే అలవాటున్న చోట, ఇకామా సొమ్ము కూడా ఏడాదికి ఒకేసారి కట్టవలసి రావడంతో, ఆ రెండు గడువులు ఒకే నెలలో పడకుండా చూసుకోవడమే పెద్ద విద్య అయింది. స్నేహితులు కలిసి చీటీలు వేసుకొని, ఎవరి ఇకామా గడువు ఏ నెలలో ఉంటే వారికి ఆ నెల చీటీ ఇచ్చుకొన్నారు. ఊరిలో పంటల పెట్టుబడికి, పెళ్ళికి వేసుకొనే చీటీ అక్కడ భార్యాబిడ్డల కార్డులకు ఉపయోగపడింది.

వంటింటిలో మార్పు ఇల్లాలి చేతిమీదుగా జరిగింది. సన్నబియ్యం పెద్ద బస్తాగా కొని పంచుకోవడం, తాజా మాంసానికి బదులు గడ్డకట్టిన కోడి, కూరలు మార్కెట్టు మూసే వేళకు తేవడం, ఒక పూట రియాలు ఖుబ్బూసు రొట్టెతో గడుపుకోవడం. కొందరు స్త్రీలు ఇంటివద్ద బట్టలు కుట్టి, పిల్లలకు పాఠాలు చెప్పి, ఒంటరి మగవారికి క్యారియరు భోజనాలు కట్టి నాలుగు రియాళ్ళు సంపాదించినారు. ఏ లెక్కలోను రాయని సంపాదన అది. కాని ఎన్నో ఇళ్ళను ఇంకొక ఏడాది నిలబెట్టింది అదే.

ఇన్ని కోతలు కోసినా పన్ను అంకె దిగలేదు. ఎందుకనగా ఆ పన్ను తిండిమీద గాని, బట్టమీద గాని, సంపాదనమీద గాని వేసినది కాదు. ఇంటిలో ఉన్న తలలమీద వేసినది. బియ్యం తగ్గించుకొంటే బియ్యపు ఖర్చు తగ్గుతుంది. తలపన్ను తగ్గాలంటే తలలే తగ్గాలి. చివరి కోత కుటుంబానికే పడింది.

2018లో రియాలు సుమారు 18 రూపాయలు. ఆ జూలై లెక్కన ముగ్గురి పన్ను నెలకు 600 రియాళ్ళు. అనగా పదివేల రూపాయలకు పైమాట. ఈ డబ్బుతో హైదరాబాదులోనో కరీంనగరంలోనో ఇల్లు అద్దెకు తీసుకోవచ్చునని భార్యాభర్తలు లెక్కవేసుకొన్నారు. తిరిగివచ్చే వీసామీద పంపితే పన్ను ఆగదు. ఇకామా రద్దు చేయించి పూర్తిగా పంపితేనే ఆగుతుంది. అందుచేత మార్చి పరీక్షలు కాగానే పిల్లల బదిలీ పత్రాలు తీసుకొని, సామాను అమ్మి, భార్యాబిడ్డలను విమానం ఎక్కించి, మగవాడు నలుగురైదుగురు పంచుకొనే బ్యాచిలరు గదికి చేరినాడు. ఇరవై ఏళ్ళు సంసారం చేసినవాడు మళ్ళీ మొదటిరోజు వచ్చిన కుర్రవాని మంచానికి వచ్చినాడు. 2017 తొలినాళ్ళ నుంచి 2018 చివరలోపల సౌదీలో విదేశీ ఉద్యోగుల సంఖ్య పది లక్షలకు పైగా తగ్గినట్లు ఆ దేశపు గణాంకాలే చూపినవి. ఉద్యోగి అక్కడే ఉండి ఇల్లు మాత్రం ఊరు చేరిన సంసారాలు ఆ అంకెలోకి రావు.

ఇందులో మిగిలిందెంత? పన్ను మిగిలింది. కాని ఒక పొయ్యి రెండు పొయ్యిలయింది. ఇక్కడ ఒక అద్దె, అక్కడ ఒక అద్దె. ఇక్కడ ఒక వంట, అక్కడ ఒక వంట. అరబ్బు దేశపు బడిలో చదివిన పిల్లకు తెలుగునాట కొత్త బడి, కొత్త రుసుము, కొత్త ట్యూషను. తండ్రి రెండేళ్ళకొకసారి వచ్చే చుట్టం. జమాఖర్చు పుస్తకంలో మొదటి నాలుగు వరుసలకు అంకెలు ఉన్నవి. చివరిదానికి లేదు.

మన మూడు పౌండ్ల పన్ను

ఇక మన పుస్తకం తెరుద్దాము. 1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు నుంచి డర్బను చేరిన నాటి నుంచి 1911లో కూలీ వలస ఆగిపోయే వరకు లక్షా యాభై రెండు వేలమందికి పైగా నేటాలుకు వచ్చినారు. వారిలో విశాఖపట్నం, గంజాం, గోదావరి, కృష్ణా, నెల్లూరు, చిత్తూరు ప్రాంతాల తెలుగువారు మన పెద్దలు. గిర్మిట్టు కూలి మొదటి ఏడాది నెలకు 10 షిల్లింగులు. ఏడాదికొక షిల్లింగు చొప్పున పెరిగి అయిదవ ఏట 14. గిర్మిట్టు ఉన్నంతకాలం బియ్యం, పప్పు, ఉప్పు, నూనె తోటవారు కొలిచి ఇచ్చేవారు. గిర్మిట్టు తీరితే ఆ కొలతా తీరిపోయేది.

గిర్మిట్టు తీరినవారు తోటలు వేసి, కూరగాయలు అమ్మి, స్వతంత్రంగా బ్రతకడం తెల్లదొరలకు నచ్చలేదు. 1895లో నేటాలు ప్రభుత్వం 17వ చట్టం చేసింది. తలకు 25 పౌండ్లు వేయాలని మొదట తలచి, భారత ప్రభుత్వంతో మాటలాడి 3 పౌండ్లకు దిగినారు. ఆ చట్టం తరువాత గిర్మిట్టు రాసుకొని వచ్చినవారు గడువు తీరగానే భారతదేశానికి తిరిగిపోవాలి, లేదా మళ్ళీ గిర్మిట్టు రాయాలి, లేదా ఏటా 3 పౌండ్లు కట్టాలి. 1901 నుంచి వసూలు మొదలయింది. 1903లో మరొక చట్టం చేసి పదహారేళ్ళు నిండిన మగపిల్లలకు, పదమూడేళ్ళు నిండిన ఆడపిల్లలకు కూడా ఆ పన్ను తగిలించినారు.

గాంధీగారు తన ఆత్మకథలో దీని లెక్క వేసినారు. భార్యాభర్తలు, ఇద్దరు ఎదిగిన పిల్లలు ఉన్న ఇంటికి ఏటా 12 పౌండ్లు. ఆ ఇంటి మగవాని రాబడి నెలకు 14 షిల్లింగులకు మించదు. పన్నెండు నెలలకు అది 8 పౌండ్ల 8 షిల్లింగులు. రాబడి మొత్తం పన్నుకు కట్టినా ఇంకా 3 పౌండ్ల 12 షిల్లింగులు బాకీ! ఉగాది పంచాంగంలో ఇంత చెడ్డ రాశి ఉండదు. బియ్యం తగ్గించి, చీర మాని, దీపం ఆర్పి ఈ లెక్క తీర్చడం ఎవరి తరం? కట్టనివారిని కోర్టులకు ఈడ్చి జైళ్ళకు పంపినారు. అందుచేత ఎంతోమంది మళ్ళీ గిర్మిట్టు రాసినారు. ఎంతోమంది ఓడ ఎక్కి తిరిగిపోయినారు. ఇల్లు నిలుపుకోవాలంటే బానిసత్వం, స్వేచ్ఛ కావాలంటే ఇల్లు విడవడం. మన కుటుంబాలలో ఒక అన్న ఇక్కడ, ఒక తమ్ముడు అక్కడ మిగిలి, ఉత్తరాలు నిలిచిపోయి, తాత ఊరి పేరు కూడా మరచిపోవడానికి ఈ పన్ను ఒక కారణం.

1913 అక్టోబరులో న్యూకాసిల్ బొగ్గుగనులలో మొదలై తీరపు చెరకుతోటల దాకా పాకిన సమ్మెలో మన ఆడవారు, మగవారు పనిముట్లు కింద పెట్టినారు. ఆ సమ్మె కోరికలలో ముఖ్యమైనది ఈ పన్ను రద్దు. 1914లో భారతీయుల ఉపశమన చట్టంతో అది పోయింది.

పోలిక, తేడా

రెండు పన్నులను పక్కపక్కన పెట్టినంత మాత్రాన రెండూ ఒకటే అనడం న్యాయం కాదు. నేటాలు పన్ను రాబడిని మించినది. సౌదీ పన్ను నాలుగవ ఏట, మనం చెప్పుకొన్న ఇంటిలో, రాబడిలో నాలుగవ వంతు. నేటాలు పన్ను మనుషులను తోటపనికే తిరిగి కట్టివేయడానికి పుట్టింది. సౌదీ పన్ను ఖజానా నింపడానికి, స్వదేశీయులకు కొలువులు కల్పించడానికి వచ్చింది. తన ప్రజలకు పని చూపడం ఏ ప్రభుత్వానికైనా ధర్మమే. మన పెద్దలకు తిరుగు ఓడ బహు దూరం. రియాదు నుంచి హైదరాబాదు కొన్ని గంటల ప్రయాణం.

కాని ఇంటి వైపునుంచి చూస్తే రెండింటి పనితనం ఒకటే. సంపాదించని భార్యను, బిడ్డను లెక్కపెట్టి పన్ను వేస్తే, ఎక్కువమంది ఉన్న బీద ఇంటికే ఎక్కువ దెబ్బ. పొదుపు అక్కడ పనిచేయదు. ప్రతి మనిషికి ఒక ధర అంటుకొంటుంది. ఎవరిని ఉంచుకోగలము, ఎవరిని పంపివేయాలి అని తల్లిదండ్రులు లెక్కవేయవలసి వస్తుంది. ఆ లెక్క ఎంత సరిగా వేసినా ఇల్లు రెండుగానే చీలుతుంది.

జీతమే తరిగినప్పుడు

2020లో కరోనా వచ్చి ఈ కథకు మరొక అధ్యాయం చేర్చింది. ఆ వసంతంలో ప్రైవేటు యజమానులు జీతాలను ఆరు నెలలపాటు నూటికి 40 వరకు తగ్గించుకోవడానికి సౌదీ ప్రభుత్వం వీలు కల్పించింది. జూలై 1న అమ్మకపు పన్ను 5 నుంచి 15కు పెరిగింది. అదే జూలైలో తలపన్ను 400 అయింది. మన ఉదాహరణలోని 5000 రియాళ్ళ మనిషికి నలభై కోసి 3000 చేతికి వస్తే, ముగ్గురి పన్ను 1200 పోగా 1800 మిగిలినది. అందులోనే అద్దె, తిండి, బడి. వందే భారత్ విమానాలలో తిరిగివచ్చినవారిలో ఇటువంటి లెక్కతో ఓడిపోయినవారు ఎందరో.

ఇదీ మనవారికి కొత్త కాదు. 1930లో రబ్బరు ధర పడిపోయినప్పుడు మలయా తోటలలో మగవాని 50 సెంట్ల దినకూలిని 40కి, ఆపైన ఇంకా దిగువకు కోసినారు. మూడేళ్ళలో లక్షన్నరకు మించిన దక్షిణ భారతీయులను ఓడలలో తిప్పి పంపినారు. వారిలో మన తెలుగువారు కూడా ఉన్నారు. లాభం వచ్చిన ఏడాది కూలి పెంచనివారు నష్టం వచ్చిన ఏడాది కూలి కోయడం మరవరు.

స్వదేశపు ప్రభుత్వం చేసిన పని కూడా చెప్పుకోవాలి. 2020 సెప్టెంబరులో భారత ప్రభుత్వం గల్ఫ్ దేశాలకు పోయే కార్మికులకు నిర్ణయించిన కనీస జీతాలను తగ్గించింది. సౌదీకి నెలకు 324 డాలర్లుగా పెట్టింది. కొలువులు ఇతర దేశాలవారికి పోకుండా ఉండటానికి అని కారణం చెప్పినారు. తెలంగాణ పల్లెల గల్ఫ్ కార్మిక సంఘాలు ఊరుకోలేదు. వినతులు ఇచ్చినారు, హైకోర్టుకు వెళ్ళినారు. 2021 జూలైలో ఆ తగ్గింపు రద్దయింది. ఇంటి లెక్కను వీధిలోకి, కోర్టులోకి తెచ్చి గెలిచిన ఈ ఉదంతం 1913ను గుర్తుచేస్తున్నది. అదే 2021లో సౌదీ ప్రభుత్వం ఇకామా సొమ్మును ఏడాదికి ఒకేసారి కాక మూడు నెలల వాయిదాలలో కట్టే వీలు కల్పించింది. పన్ను తగ్గలేదు గాని గడువు భారం కొంత తేలికయింది.

మనం చేయవలసిన పని

గృహస్థునకు పొదుపు మంచిదే. మన అవ్వలు పిడికెడు బియ్యం ప్రతి పూటా వేరు కుండలో వేసి, పండుగనాటికి ఆ కుండతోనే పొంగలి వండినారు. కాని ఆ పొదుపును పొగిడి ఊరుకొంటే సగం సత్యం చెప్పినట్లే. ఇల్లాలు ఎంత నేర్పరి అయినా తీర్చలేని లెక్కలు ఉంటవి. అటువంటివాటిని ఇంటి చేతగానితనంగా ఎంచరాదు. మూడు పౌండ్లు కట్టలేక తిరిగిపోయిన ముత్తాత సోమరి కాడు. పిల్లలను ఊరికి పంపి బ్యాచిలరు గదిలో పడుకొన్న తండ్రి దుబారా మనిషి కాడు.

కనుక మన పాఠకులకు మా మనవి ఇది. మీ ఇళ్ళలో పాత పెట్టెల అడుగున గిర్మిట్టు కాగితాలు, పన్ను రసీదులు, దుకాణపు చీటీలు, అవ్వ గోడమీద గీసిన పాల లెక్క పోలిన గుర్తులు ఏమైనా మిగిలి ఉంటే పారవేయకండి. ఓడ పేరు ఎంత ముఖ్యమో ఆ రసీదు అంత ముఖ్యం. తెలుగునాట మీకు చుట్టాలుంటే, వారిలో సౌదీ నుంచి తిరిగివచ్చినవారు ఉంటే, వారి ఇంటి నోటుపుస్తకాన్ని కూడా దాచమని చెప్పండి. ఏ నెలలో ఏమి తగ్గించుకొన్నారో, ఏ నెలలో ఎవరిని విమానం ఎక్కించినారో తేదీలతో సహా రాసి ఉంచమనండి. మన ముత్తవ్వలు రాసుకోలేదు. రాయడం వారికి ఎవరూ నేర్పలేదు. వీరికి రాత వచ్చు.